ఇంటి మెట్లు ఎక్కే ఉద్యోగం

బాల్టిమోర్‌లో మెట్లు చూడాలి. అమెరికాలో నేను తిరిగిన ఊళ్లలో ఇంటి ముందు గడ్డి ఉంటుంది, కారు ఉంటుంది, మనిషి మాత్రం కనపడడు. ఇక్కడి పాతపేటల్లో అలా కాదు. మధ్యగోడలు కలుపుకుని, సందు లేకుండా వరసగా కట్టిన ఇటుక ఇళ్లు. గుమ్మం ముందు మూడో నాలుగో తెల్లరాతి మెట్లు, నేరుగా రోడ్డు పక్కకే దిగుతాయి. ఆ రాయి ఊరికి ఉత్తరాన కాకీస్‌విల్ వైపు గనులది. వాషింగ్టన్ నగరంలోని పెద్ద స్తంభం కింది భాగం కూడా ఆ చుట్టుపక్కల రాయితోనే కట్టారు. ఒకప్పుడు ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని ఈ మెట్లని పొడివేసి తోమేవారట. లోపల పొయ్యి వెలిగినా వెలగకపోయినా మెట్టు తెల్లగా ఉండాలి. పరువు సంగతి ఏ దేశపు ఇల్లాలికీ ఒకరు నేర్పనక్కర్లేదు.

ఇలాంటి మెట్లెక్కి తలుపు తట్టడం ఒక ఉద్యోగంగా ఎలా మారిందో చూద్దామని వచ్చాను. మా పెద్దమ్మ కూతురు న్యూజెర్సీలో ఒక కుటుంబ సేవల సంస్థలో సోషల్ వర్కర్. ఇరవై ఏళ్లు దాటింది, త్వరలో రిటైరవుతుంది. "నీ పని ఒకసారి చూపించక్కా, నీ వెనకే కూచుంటాను" అని అడిగితే "చూపించకూడదే, చట్టం ఒప్పుకోదు. అంత సరదాగా ఉంటే మా పని ఎక్కడ మొదలైందో చూసుకుంటూ రా" అని ఒక పేరు చెప్పింది. మేరీ రిచ్‌మండ్. నేనప్పుడు ఎల్లికాట్ సిటీలో మా అబ్బాయి దగ్గరున్నాను. బాల్టిమోర్ అక్కడికి కారులో అరగంట కూడా లేదు.

చార్లెస్ స్ట్రీట్, ఫ్రాంక్లిన్ స్ట్రీట్ కలిసే మూలన గుమ్మటంతో ఉన్న యూనిటేరియన్ చర్చి ఉంది. రెండువందల ఏళ్ల కట్టడం. రిచ్‌మండ్ ఈ చర్చి మనిషి. 1861లో ఇల్లినాయ్‌లో పుట్టి, చిన్నతనంలోనే తల్లి పోతే ఈ ఊళ్లో అమ్మమ్మ దగ్గరా పిన్నుల దగ్గరా పెరిగింది. ఆ అమ్మమ్మ మామూలు అమ్మమ్మ కాదు. ఆడవాళ్లకు ఓటు కావాలని వాదించే మనిషి. ఆ ఇంటికి వచ్చేవాళ్లలో ఆత్మలతో మాట్లాడతామనేవాళ్లూ ఉండేవారు. పిల్ల పదహారేళ్లకే హైస్కూలు ముగించింది. న్యూయార్క్‌లో ఒక ప్రచురణ సంస్థలో చాకిరీ చేసింది, మలేరియా పట్టుకుని వెనక్కొచ్చింది. తరవాత చాలా ఏళ్లు ఒక స్టేషనరీ కొట్టులో లెక్కలు రాసింది. 1889లో బాల్టిమోర్ చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ అసిస్టెంట్ ట్రెజరర్ కోసం వెతుకుతుంటే వెళ్లి చేరింది. డబ్బు లెక్కలు చూడ్డానికి వెళ్లిన మనిషి, రెండేళ్లు తిరిగేసరికి ఆ సంస్థకే జనరల్ సెక్రటరీ. కాలేజీ గడప తొక్కని ఆడమనిషికి ఆ రోజుల్లో అది చిన్న కుర్చీ కాదు.

ఆ సొసైటీ చేసే పనేమిటో ఈనాటి మనిషికి కొంచెం వింతగా ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దపు నగరంలో దానధర్మాలకు కొదవలేదు. చర్చిల బొగ్గు, రొట్టె, దొరసానుల సంఘాల పాత బట్టలు, చలికాలంలో ఊరుమ్మడి గంజి. పెట్టేవాళ్లకు ఒకటే దిగులు: ఒకే మనిషి నాలుగు గుమ్మాల్లో తీసుకుంటున్నాడేమో అని. లండన్‌లో 1869లో, అమెరికాలో మొదటగా బఫెలోలో 1877లో ఈ సంఘాలు పుట్టింది ఆ దిగుల్లోంచే. బాల్టిమోర్‌కు 1881లో వచ్చింది. ఈ సంఘం దానం పెద్దగా చెయ్యదు. ఎవరికి ఎవరు ఏమిచ్చారో చిట్టా రాస్తుంది, అడిగినవాళ్ల సంగతి విచారిస్తుంది, ఆ ఇంటికి ఒక స్వచ్ఛంద సేవకురాలిని స్నేహంగా పంపిస్తుంది. భిక్ష వద్దు, స్నేహితురాలు కావాలి అన్నది బాస్టన్ సంఘం నినాదం. రిచ్‌మండ్ ఉద్యోగంలో చేరగానే బాస్టన్ వెళ్లి జిల్ఫా స్మిత్ అనే పెద్దావిడ దగ్గర వారం రోజులు పని చూసి వచ్చింది. ఆమెకు దొరికిన శిక్షణ అంతా ఆ వారమే.

బాల్టిమోర్‌లో సంఘం పుట్టిన 1881లోనే, డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. అక్కడా ఇక్కడా సంస్కర్తల చూపు మగదిక్కు పోయిన ఇంటి మీదే పడింది. వీరేశలింగం ఆ పిల్లకు మళ్లీ మొగుణ్ణి చూశారు. బాల్టిమోర్ వాళ్లు ఆమె వంటింట్లో ఏముందో చూశారు. రెండింటిలోనూ, ముందుగా ఆవిడనే అడిగి చేసిన పని ఎంత అన్న ప్రశ్న నన్ను ఆ ఊరంతా వదలకుండా వెంటాడింది.

కెథడ్రల్ స్ట్రీట్‌లో ఇనాక్ ప్రాట్ లైబ్రరీ ఉంది. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. చలికి ఇల్లు లేనివాళ్లు కూడా లోపలే కూర్చుంటారు, ఎవరూ ఏమీ అనరు. రిచ్‌మండ్ 1899లో రాసిన 'ఫ్రెండ్లీ విజిటింగ్ అమాంగ్ ద పూర్' ముందేసుకుని అక్కడే ఒక పూట గడిపాను. సంపాదించే మగవాడు, ఇల్లాలు, పిల్లలు, ఆరోగ్యం, ఖర్చూ పొదుపూ, వినోదం, సాయం, చర్చి అంటూ సాగే చిన్న పుస్తకం. చదువుతుంటే ఒక పేజీకి కోపం, ఒక పేజీకి గౌరవం. తాగే మొగుణ్ణి సంఘం పోషిస్తే అతను మరింత చేతులు ముడుచుకుంటాడన్న లెక్క పుస్తకమంతా వినిపిస్తుంది. అది కొట్టులో పద్దు రాసిన గొంతు. కానీ ఆ పద్దుల మనిషికే ఇంకొకటీ తెలుసు. పేదరికం ఏ ఇంట్లోనూ ఇంకో ఇంట్లోలా ఉండదు, కాబట్టి చూసి గానీ మాట్లాడకూడదు అని. మంచి మనసుంటే చాలనుకున్న కాలంలో ఆమె 1897లో టొరంటో సభలో నిలబడి, దీనికి బడి కావాలి, చదువు కావాలి అంది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో వేసవి తరగతి మొదలైంది. ఇప్పటి కొలంబియా యూనివర్సిటీ సోషల్ వర్క్ స్కూలు దాని మనవరాలే.

నాకు ఇక్కడే ఆవిడ మీద గురి కుదిరింది. దయ అందరికీ ఉంటుందనీ, పని మాత్రం నేర్చుకోవాలనీ చెప్పడానికి ధైర్యం కావాలి. సేవ అనగానే జీతం మాట ఎత్తకూడదనుకునే దేశం నుంచి వచ్చినదాన్ని నేను.

బాల్టిమోర్ పెన్ స్టేషన్ 1911 నాటిది, అంటే రిచ్‌మండ్ ఊరు విడిచిన చాలా ఏళ్లకు కట్టింది. నార్త్‌ఈస్ట్ రీజినల్ బండి ఎక్కాను. ఊరు దాటేదాకా అద్దాల్లేని కిటికీలతో, చెక్కలు కొట్టేసిన తలుపులతో ఖాళీ ఇళ్ల వరసలు. ఆ గుమ్మాల ముందూ తెల్లమెట్లే, తోమేవాళ్లు లేరు. తరవాత హావర్ డి గ్రేస్ దగ్గర సస్క్వెహానా నది. వంతెన మీద బండి నెమ్మదిస్తే కింద నీళ్లు గోదావరి అంత కాకపోయినా కళ్లకు నిండుగానే ఉన్నాయి.

ఫిలడెల్ఫియాలో ఎక్కువసేపు ఉండలేదు. రిచ్‌మండ్ ఇక్కడ 1900 నుంచి 1909 దాకా ఇలాంటి సంఘాన్నే నడిపింది. ఒక్కో ఇంటి తలుపు తట్టడంతో పని తీరదని ఆమెకు తెలిసింది ఈ ఊళ్లోనే. బాలకార్మికుల చట్టం కోసం, పిల్లల కోర్టు కోసం, పెళ్లాం పిల్లల్ని గాలికొదిలి పోయిన మగవాళ్ల చేత ఖర్చులు కట్టించే చట్టం కోసం తిరిగింది.

ఆమె రాకముందే ఇంకొకరు ఈ ఊళ్లో గడప గడపా తొక్కారు. డబ్ల్యూ.ఇ.బి. డు బోయ్ 1896, 97లలో సెవెన్త్ వార్డులో నల్లజాతివాళ్ల ఇళ్లన్నీ ప్రశ్నాపత్రాలు పట్టుకుని తిరిగి 'ద ఫిలడెల్ఫియా నీగ్రో' రాశారు. ఆయన పుస్తకమూ రిచ్‌మండ్ పుస్తకమూ ఒకే ఏడాది, 1899లో వచ్చాయి. ఆమె ఇంట్లోకి వెళ్లి ఈ కుటుంబంలో ఏం తేడా వచ్చిందని చూసింది. ఆయన అలాంటి ఇళ్లలోకే వెళ్లి ఈ ఊరు వీళ్లనేం చేసిందని చూశారు. సౌత్ స్ట్రీట్‌లో, ఆరో వీధి మూలన, ఆయన పేర గోడ నిండా బొమ్మ వేశారు. దాని కింద నిలబడితే, సోషల్ వర్క్ పాఠాల్లో ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాలనిపించింది.

ఆర్చ్ స్ట్రీట్‌లో గాజుగోడల ఫ్యామిలీ కోర్టు ముందు తల్లులు, స్ట్రోలర్లు, ఫైళ్లు, ఒక పక్కగా ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుతున్న మగవాళ్లు. విజయవాడ కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద చూసే మొహాలే. మనకు ఫ్యామిలీ కోర్టులు ఉండాలని మొదట పట్టుబట్టినవాళ్లలో మన దుర్గాబాయమ్మ ఒకరు. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చి నెహ్రూతోనూ న్యాయమూర్తులతోనూ మాట్లాడారు. చట్టం వచ్చింది 1984లో. ఆవిడ 1981లోనే పోయారు. ఆ చట్టంలో సంక్షేమ సంస్థలకూ కౌన్సిలర్లకూ చోటు రాసిపెట్టి ఉంది. ఎనిమిదేళ్లకు పెళ్లి చేస్తే, ఊహ తెలిశాక ఆ పెళ్లిలోంచి బయటికి నడిచిన మనిషి దుర్గాబాయి. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన ఆవిడకు కుటుంబం అనే మాటలో ఎన్ని గదులున్నాయో పుస్తకం చూసి నేర్చుకోవలసిన అవసరం రాలేదు.

సాయంత్రానికి న్యూజెర్సీలో అక్క ఉండే ఎడిసన్ చేరాను. ఓక్ ట్రీ రోడ్డు మీద మిర్చిబజ్జీ వాసన వేస్తుంటే ఏ దేశంలో ఉన్నామో కాసేపు మర్చిపోతాం. అక్క స్టేషన్‌కి తన పాత కారు తెచ్చింది. డిక్కీ తెరిస్తే నా పెట్టెకు చోటు లేదు. డైపర్ల ప్యాకెట్లు, పసిపిల్లల కారు సీటు, బొమ్మల సంచి, ఒక జత రబ్బరు బూట్లు. "ఇదే నా ఆఫీసు. ఆ సీటు ముందుకి జరిపి పెట్టెయ్" అంది.

తొంభైలలో అందరిలాగే బావగారి వీసా మీద వచ్చింది. ఊళ్లో ఎంఏ తెలుగు. ఇక్కడ పనిచేసే హక్కు లేని ఏళ్లలో చర్చి నేలమాళిగలో నడిచే సరుకుల పంపిణీ దగ్గర అట్టపెట్టెలు మోసేది. అక్కడొక సోషల్ వర్కర్ ఈమెను గమనించి, నువ్వు పెట్టె ఇచ్చేటప్పుడు జనం నీ దగ్గరే ఎక్కువసేపు ఆగుతున్నారు, చదువుకోరాదూ అందట. రట్గర్స్‌లో ఎంఎస్‌డబ్ల్యూ చేసింది. రెండేళ్ల చదువులో కనీసం తొమ్మిది వందల గంటలు సంస్థల్లో పని చెయ్యాలి. ఇంటికి వెళ్లి వచ్చాక వాళ్లేమన్నారో తానేమందో మాట పొల్లుపోకుండా గుర్తుతెచ్చుకుని రాయాలి, పక్కన తన మనసులో ఏం కదిలిందో కూడా రాయాలి. సూపర్‌వైజర్ ఎర్రసిరాతో దిద్దుతుంది. "మాటకి మాట రాస్తే గానీ తెలీదే, నేనెంత వాగుతానో, ఎంత తక్కువ వింటానో" అంది. తరవాత లైసెన్సు, పరీక్షలు, ఇంకొకరి పర్యవేక్షణలో కొన్నేళ్ల కొలువు.

బంధువులు ఊరుకున్నారా? "అంత దూరం పోయి ఇళ్లు తిరిగే ఉద్యోగమా" అన్నారు మా బాబాయి. జీతం కూడా గొప్పదేం కాదు. బావగారి సాఫ్ట్‌వేర్ జీతం పక్కన పెట్టి చూస్తే అది నెల సరుకులకూ కారు పెట్రోలుకూ సరి. ఆ లెక్క బావగారే నవ్వుతూ చెప్పారు. అక్క నవ్వలేదు.

కేసుల గురించి ఒక్క ముక్క చెప్పదు. పేరు మార్చి చెప్పు అన్నాను. "పేరు మారిస్తే కథ మారదుగా. ఈ ఊళ్లో కథని బట్టే మనిషిని పట్టేస్తారు" అంది. కానీ పని ఎలా చేస్తుందో అడిగితే అర్ధరాత్రి దాకా చెప్పింది. కారు ఎప్పుడూ ముందు భాగం రోడ్డువైపు ఉండేలా నిలపాలి, అవసరమైతే వెనక్కి తియ్యకుండా పోవచ్చు. లోపల తలుపుకు దగ్గరి కుర్చీలో కూర్చోవాలి, కానీ భయపడి కూర్చున్నట్టు ఉండకూడదు. టీవీ కట్టెయ్యమనకూడదు, అది వాళ్ల ఇల్లు. కాఫీ ఇస్తే తాగాలి. ఇవ్వడానికి తమ దగ్గరా ఒకటుందని చూపించడం వాళ్లకు అవసరం. మొదటిసారి వెళ్లినప్పుడు నోట్సు రాయకూడదు. పిల్లలున్నచోట నేల మీద కూర్చుంటే సగం పని అవుతుంది. ఫ్రిజ్ తెరిచి చూడమని సంస్థ ఫారంలో ఉంటుంది. అక్క తెరవదు. మంచినీళ్లు అడుగుతుంది, వాళ్లే తెరుస్తారు.

ఇదంతా వింటుంటే లైబ్రరీలో చదివిన చిన్న పుస్తకం గుర్తొచ్చింది. ఆ స్నేహితురాలికీ ఈ సోషల్ వర్కర్‌కీ మధ్య ఒక శతాబ్దమూ ఒక యూనివర్సిటీ డిగ్రీ ఉన్నాయి. కంటితో లెక్క వేసే అలవాటు మాత్రం పోలేదు. ఆ మాటే అన్నాను. అక్క ఒప్పుకుంది. "పోకూడదు కూడా. పిల్ల ఒంటి మీద కమిలిన మచ్చ చూస్తే నేను ఆ రోజే హాట్‌లైన్‌కి ఫోన్ చెయ్యాలి. న్యూజెర్సీలో ఆ మాటకొస్తే నువ్వైనా చెయ్యాలి, చట్టం అందరికీ ఒకటే. మరి వాళ్లు నాకు కాఫీ ఇచ్చారే. ఆ కాఫీ తాగి ఫోన్ చేస్తాను. మొదటి రోజే చెప్పేస్తాను, ఇవి నేను దాచే విషయాలు, ఇవి దాచలేనివి అని. విన్నా కూడా కాఫీ ఇస్తారు."

అక్క సంస్థ క్లయింట్లలో తెలుగువాళ్లు తక్కువ. ఎక్కువగా పెర్త్ అంబాయ్, న్యూ బ్రన్స్‌విక్ వైపు స్పానిష్ మాట్లాడే తల్లులు. మెక్సికోలోని వహాకా నుంచీ, డొమినికన్ రిపబ్లిక్ నుంచీ వచ్చినవాళ్లు. అక్క స్పానిష్ వాళ్ల దగ్గరే నేర్చుకుంది, తెలుగు యాసతో దడదడా మాట్లాడుతుంది. మనవాళ్లు రారు. పరువు. గుడిలో కనపడితే పక్కకు పిలిచి "మా స్నేహితురాలి సంగతి" అని మొదలుపెడతారు. మొగుడి ఉద్యోగం మీద వచ్చిన వీసా అయితే, విడిపోతే ఆమె దేశంలో ఉండే హక్కే గాలిలో వేలాడుతుంది. అందులో కొంతమందికి 2015 నుంచి పని చేసుకునే అనుమతి వచ్చింది గానీ అందరికీ కాదు. న్యూజెర్సీలో 1985లోనే దక్షిణాసియా ఆడవాళ్ల కోసం 'మానవి' అనే సంస్థ పుట్టిందంటే, ఈ తలుపుల వెనక సంగతులు కొత్తవేం కావు.

ఇంకో మాట. రిచ్‌మండ్ చివరి రోజుల్లో ఫ్రెడ్ హాల్ అనే సహచరుడితో కలిసి అమెరికాలో బాల్యవివాహాల మీద పుస్తకం తెచ్చింది, 1925లో. అప్పటికి కొన్ని రాష్ట్రాల్లో ఆడపిల్ల పెళ్లికి పన్నెండేళ్లు నిండితే చాలు. మన శారదా చట్టం 1929లో పద్నాలుగు అంది. న్యూజెర్సీ ఏ మినహాయింపూ లేకుండా పద్దెనిమిది చేసింది 2018లో, అదీ అమెరికాలో రెండో రాష్ట్రంగా. చెప్తే మా బాబాయి నమ్మలేదు. బాల్యవివాహం అంటే మన సరుకే అనుకుంటారు ఆయన.

మర్నాడు శనివారం, అక్క కూడా వచ్చింది. మాన్‌హాటన్‌లో తూర్పు 22వ వీధి. ఒక మూలన 1893లో కట్టిన యునైటెడ్ చారిటీస్ భవనం. న్యూయార్క్‌లోని పెద్ద దానసంస్థలన్నీ ఒకే కప్పు కింద ఉండాలని ఒక బ్యాంకరు కట్టించి ఇచ్చాడు. ఆ వేసవి తరగతి తరవాత బడిగా పెరిగింది ఇక్కడే. అదే వీధిలో ఇంకాస్త ముందుకు లెక్సింగ్టన్ అవెన్యూ మూలన రస్సెల్ సేజ్ ఫౌండేషన్ పాత భవనం. ఫ్లారెన్స్ నగరపు ధనికుల మేడలా కట్టారు. భర్త వదిలివెళ్లిన ఆస్తిలోంచి కోటి డాలర్లు పెట్టి మార్గరెట్ ఒలీవియా సేజ్ 1907లో ఆ ఫౌండేషన్ స్థాపించింది. రిచ్‌మండ్ 1909లో దానిలో చేరి, 1928లో పోయేదాకా ఆ సంస్థలోనే ఉంది. ఇప్పుడా మేడలో అపార్ట్‌మెంట్లు. గుమ్మం దగ్గర యూనిఫాంలో ఉన్న మనిషి మమ్మల్ని అద్దె ఇల్లు వెతుక్కునేవాళ్లమనుకుని, చాలా మర్యాదగా, ఖాళీల్లేవన్నాడు.

'సోషల్ డయాగ్నోసిస్' 1917లో వచ్చింది. అయిదు వందల పేజీల పైన. డాక్టరు రోగాన్ని ఎలా నిర్ధారిస్తాడో, లాయరు సాక్ష్యాన్ని ఎలా తూస్తాడో చూసి, కుటుంబం కష్టాన్ని అర్థం చేసుకోవడానికీ ఒక పద్ధతి ఉండాలని రాసింది. బంధువులు, బడి, యజమాని, ఆసుపత్రి, ఇరుగుపొరుగు, ఎవరి మాటకు ఎంత విలువ, ఎవరి మాటలో ఏ స్వార్థం. చివర ప్రశ్నావళులు: మొగుడు వదిలేసిన ఇల్లాలు, పిల్లలున్న వితంతువు, వలసవచ్చిన కుటుంబం, ఇల్లులేని మనిషి. ఇవి ఎదుటివాళ్లను వరసబెట్టి అడగడానికి కాదు, పనిచేసేవాళ్లు తమకు తాము వేసుకోవడానికి అని హెచ్చరించింది కూడా. హెచ్చరికను ఎవరు పట్టించుకుంటారు! ప్రశ్నలు ఫారాలయ్యాయి, ఫారాలు కంప్యూటర్ తెరలయ్యాయి. అక్క పని ఇప్పుడు పదిహేను నిమిషాల యూనిట్లుగా బిల్లవుతుంది. ఏడుస్తున్న మనిషిని యూనిట్ అయిపోయిందని ఆపలేదు కాబట్టి మిగతాది ఆమె సొంత ఖాతా.

ఈ భవనం ముందే నేను అక్కతో పోట్లాడాను. రిచ్‌మండ్ 1910లో సంఘాలకు తెలిసిన 985 మంది వితంతువుల బతుకులు హాల్‌తో కలిసి పరిశీలించి 1913లో నివేదిక తెచ్చింది. అంత దగ్గరగా చూసిన మనిషి, ప్రభుత్వం వాళ్లకు నెలనెలా పెన్షన్ ఇవ్వాలంటే ససేమిరా అంది. ఇంటింటి సంగతి తెలియకుండా ఖజానా నుంచి డబ్బు పంచితే అది యంత్రం పంచినట్టే, అధికారులు ఓట్లకోసం పంచుతారు, కుటుంబం గురించి పట్టించుకునేవాళ్లు ఉండరు అని ఆమె వాదన. 1911లో ఇల్లినాయ్, ఆమె పుట్టిన రాష్ట్రమే, మొదటగా రాష్ట్రమంతటా తల్లుల పెన్షన్ తెచ్చింది. పదేళ్లలోపే నలభై దాకా రాష్ట్రాలు తెచ్చాయి. ఆమె మాట ఎవరూ వినలేదు. మంచిదైంది అన్నాను. పిల్లకు పాలు లేని ఇంట్లో అర్థం చేసుకోవడమనేది ఎంత గొప్ప పద్ధతైనా కడుపు నింపదు. బియ్యం లేవని చెప్పిన మనిషిని ఇంకో పది ప్రశ్నలు అడగడం కష్టాన్ని పరీక్షపత్రం చెయ్యడమే.

అక్క వెంటనే సమాధానం చెప్పలేదు. ఒక వీధి దాటితే గ్రామర్సీ పార్కు. చుట్టూ ఇనప కటకటాలు, గేటుకు తాళం. చుట్టుపక్కల ఇళ్లవాళ్ల దగ్గరే తాళంచెవులుంటాయి. కటకటాల బయట చప్టా మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచాం.

"నువ్వన్నది నిజమే. నా సర్వీసులో సగం సమస్యలు అద్దె కట్టగలిగితే తీరిపోయేవి. అది నేను ఏ నోట్సులో రాయాలి? అద్దె అనే రోగానికి డయాగ్నోసిస్ లేదు. కానీ ఆవిడని అంత తేలిగ్గా కొట్టెయ్యకు. డబ్బు వచ్చాక మిగిలే సగం ఉంటుంది చూడు, దానికి మనిషి కావాలి. ఆవిడ ఆ మనిషి గురించే పోట్లాడింది. రెండూ కావాలని అనకపోవడమే తప్పు. సరే, మనూళ్లో ఇప్పుడు పెన్షన్ ఎంత?"

ఆంధ్రలో వితంతు పెన్షన్ 2024 నుంచి నాలుగు వేలు, తెలంగాణలో 2,016 అని చెప్పాను. మా ఊళ్లో ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం ఉద్యోగులు ఇంటికే తెచ్చిస్తారనీ, మా పక్కింటి మామ్మగారు ఆ రోజు తెల్లారకుండానే తలకు పోసుకుని వాకిట్లో కుర్చీ వేసుకుంటారనీ చెప్పాను. మొగుడు పోయాక ఆవిడ ఇంటికి నెలకోసారైనా గవర్నమెంటు మనిషి రావడం అదే మొదలు.

"ఇంటికే వస్తారా! ప్రతి నెలా?" అక్క చేతిలో చెంచా ఆగిపోయింది. "మేం ఒక్క ఇంటికి వెళ్లడానికి ఎన్ని రిఫరల్స్, ఎన్ని సంతకాలు. మీకు రాష్ట్రమంతా మెట్లెక్కే మనుషులున్నారన్నమాట. వచ్చి ఎంతసేపు ఉంటారు?"

"ఎంతసేపేంటి. వేలిముద్ర పడాలి, డబ్బు లెక్కపెట్టి ఇవ్వాలి, ఫోటో తీసుకోవాలి. రెండు నిమిషాలు. ఇంకా బోలెడు ఇళ్లు తిరగాలిగా వాళ్లు."

"మామ్మగారు ఏమైనా చెప్తుందా ఆ రెండు నిమిషాల్లో?"

చెప్తుంది. మోకాళ్ల సంగతీ, కొడుకు ఫోను చెయ్యడం లేదన్న సంగతీ చెప్తుంది. ఆ అమ్మాయి మెషీన్ వంక చూస్తూ "సరే మామ్మా, వేలు గట్టిగా నొక్కు" అంటుంది.

"ఆ అమ్మాయికి ఇంకో యూనిట్ జీతం ఇమ్మను," అంది అక్క. "పదిహేను నిమిషాలు. ఆ వచ్చే మనుషుల్లో కొందరికైనా, వింటే ఏం వినాలో నేర్పించమను. రిటైరై నేను వచ్చాక నేర్పుతాను, ఊరికే కాదు, జీతానికే."

బాబాయికి ఈ మాట చెప్పనా అన్నాను. ముందు మీ ఎంపీడీవోకి చెప్పు అంది.